పేరు లేని ఐదు కాళ్ళు

మా బావగారికి హాం రేడియో అంటే ప్రాణం. బెంగుళూరులో వాళ్ళ మేడమీది గదిలో ఆయన స్వయంగా కట్టుకున్న ఫ్రీక్వెన్సీ కౌంటరు ఒకటి ఉంది. ఆయన పోయాక, "దాన్ని మళ్ళీ వెలిగించరా తమ్ముడూ" అంది అక్కయ్య. విప్పి చూస్తే అందులోని ఆసిలేటరు పాడైంది. ట్రంకుపెట్టెలో వేరే రకంవి రెండు దొరికాయి. రేకు డబ్బాలు. పైన "10 మెగాహెర్ట్జ్" అన్న ముద్ర, అడుగున ఐదు కాళ్ళు. ఏ కాలు దేనికో చెప్పే కాగితం లేదు. ఎస్.పి. రోడ్డు దుకాణాలన్నీ తిరిగినా లాభం లేకపోయింది.

ఈ డబ్బా లోపల సెకనుకు కోటిసార్లు కంపించే క్వార్ట్జ్ పలుక ఉంటుంది. బయటి చలికీ వేడికీ ఆ లెక్క తప్పకుండా చిన్న హీటరు దాన్ని ఎప్పుడూ ఒకే వేడిలో ఉంచుతుంది. కాబట్టి గ్రౌండు, ఆసిలేటరుకు కరెంటు, హీటరుకు కరెంటు, అవుట్‌పుట్, సన్నగా సరిచేసే వోల్టేజి అని ఐదు పనులకు ఐదు కాళ్ళు.

మొదటిదాన్ని నేనే కాల్చేశాను. ఒక పాత పుస్తకంలో అలాంటి డబ్బా బొమ్మ కనిపిస్తే దాన్ని నమ్మాను. బొమ్మ పైనుంచి చూసి గీసింది, నేను తీగలు కలిపింది డబ్బాను తిరగేసి. కుడి ఎడమైంది. 12 వోల్టులు అవుట్‌పుట్ కాలికి పోయాయి. కమురు వాసన వచ్చింది. "ఇంకొకటి ఉందిగా" అంది అక్కయ్య. ఆ ఒక్కటే ఉందని ఇద్దరికీ తెలుసు.

రెండోదానికి వారం దాకా కరెంటు చూపించలేదు. భూతద్దంతో చూస్తే నాలుగు కాళ్ళ చుట్టూ గాజుపూస ఉంది, ఒకటి మాత్రం నేరుగా రేకుకే అతికి ఉంది. అదే గ్రౌండు. మీటరు కూడా సున్నా ఓములు చూపి ఔనంది. తరువాత గ్రౌండుకూ మిగతా నాలుగింటికీ మధ్య, మీటరు తీగలు అటూ ఇటూ మార్చి కొలిచాను. ఒకటి ఎటు పెట్టినా తెగినట్టే ఉంది. లోపల కెపాసిటరు అడ్డుంటే అవుట్‌పుట్ ఇలాగే కనబడుతుంది. ఇంకొకటి రెండువైపులా ఒకే పెద్ద అంకె చూపింది. అది సరిచేసే కాలు కావచ్చు. మిగిలిన రెండూ దిక్కు మారిస్తే అంకె మార్చాయి. కరెంటు తీసుకునేవి అవే అనుకున్నాను. అన్ని డబ్బాలూ ఇలాగే ఉండవు. ఇవి సాక్ష్యాలే కాని తీర్పు కాదు.

ఆ రెండింటిలో ఒకదానికి 220 ఓముల రెసిస్టరు అడ్డుపెట్టి 5 వోల్టులు ఇచ్చాను. పొరపాటైనా 23 మిల్లీయాంపులు మించదు. పక్కన షార్ట్‌వేవ్ రేడియోను 10 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంచాను. అంతదాకా బుసకొడుతున్న రేడియో ఒక్కసారిగా సద్దుమణిగింది. డబ్బా బతికే ఉంది!

ఇక హీటరు. కౌంటరులో పాతదానికి అందేది 12 వోల్టులే కనుక, మధ్యలో చిన్న స్కూటరు బల్బు పెట్టి అంతే ఇచ్చాను. బల్బు బాగా వెలిగి, డబ్బా వేడెక్కేకొద్దీ మందగించింది. హీటరు సరిగ్గా పనిచేస్తోందన్నమాట.

ఆ రాత్రి కౌంటరులో ఎర్రని అంకెలు వెలిగాయి. అక్కయ్య చాలాసేపు అక్కడే కూర్చుంది.

మూతలోపల ఐదు కాళ్ళ బొమ్మ గీసి, "అడుగునుంచి చూసినది" అని రాసి అతికించాను. మీ ఇళ్ళలోనూ ఇలాంటి పెట్టెలుంటే, తెలిసిన పెద్దలు ఉండగానే అడిగి రాసి పెట్టుకోండి. బావగారిని ఒక్కమాట అడిగి ఉంటే రెండు డబ్బాలూ ఉండేవి.