నక్షత్రముల రంగు చెప్పు సాక్ష్యము

చుక్కలు మిణుకుమనుట మన వాతావరణము కల్పించు భ్రాంతి. కాని కొన్ని నక్షత్రములు నిజముగనే ఉబ్బుచు కుంచించుకొనుచు, నియతకాలమున వెలుగు మార్చుకొనుచున్నవి. 1784లో ఇంగ్లండునందలి యార్కు పట్టణమున జాన్ గుడ్రిక్ అను ఇరువదేండ్ల బధిర యువకుడు, సెఫియస్ రాశిలోని డెల్టా నక్షత్రమునకు ఈ గుణము గలదని కనిపెట్టెను. దాని ఆవర్తకాలము సుమారు 5 దినముల 9 గంటలు. ఆ జాతి నక్షత్రములకు సెఫీడులని పేరు కలిగినది.

వెలుగుతోపాటు వాని రంగును మారుచుండును. కమ్మరి కొలిమిలోని యినుము మొదట ఎఱ్ఱనై, పిదప పసుపై, తుదకు తెల్లనగుట మనమెఱుగుదుము. నక్షత్రములకును వేడియే రంగునకు మూలము. డెల్టా సెఫీ వెలుగు హెచ్చినప్పుడు తెలుపునకును, తగ్గినప్పుడు పసుపునకును మొగ్గును. దాని వ్యాసము మారునది ఇంచుమించు పదవ వంతే. ఉపరితలపు వేడియో వేయి డిగ్రీలవఱకు మారును. కావున వెలుగు మారుటకు ముఖ్యకారణము పరిమాణము కాదు, ఉష్ణోగ్రతయే. ఈ సంగతి బయటపెట్టినది రంగు.

ఎసటి కుండపై మూత ఆవిరిని బంధించి, పైకి లేచి, ఆవిరి విడిచి మరల పడును. నక్షత్రగర్భమున హీలియము పొర ఇట్టి మూతవలె వేడిని నిలిపి విడుచుచుండును. పొట్టి త్రాళ్ల ఊయెల వడిగను, పొడుగు త్రాళ్లది మెల్లగను ఊగునట్లు, సాంద్రమైన నక్షత్రము త్వరగను, విశాలమై పలుచనైనది నెమ్మదిగను స్పందించును. కావుననే ఆర్ఆర్ లైరీ జాతి తెల్లని చుక్కలకు సగము దినము చాలును. పసుపువన్నె సెఫీడులకు దినములో వారములో కావలెను. ఎఱ్ఱని మీరాకు సుమారు 332 దినములు పట్టును. 1867లో మదరాసు నక్షత్రశాలయందు చింతామణి రఘునాథాచారి కనుగొనిన ఆర్ రెటిక్యులీయు మీరా జాతిదే. ఈ జాతికి కంటికగపడు వెలుగు నూఱు రెట్లకు మించి మారుటయు కలదు. చల్లబడినప్పుడు కాంతి చాలవఱకు కంటికందని పరారుణమునకు జారుటయు, టైటానియం ఆక్సైడు మిగిలినదానిని మ్రింగుటయు ఇందులకు హేతువులు.

ఇది కేవలము వినోదము కాదు. 1912లో హార్వర్డునందు హెన్రియెట్టా లెవిట్, చిన్న మెగెల్లాన్ మేఘములోని 25 చుక్కలను పరిశీలించి, ఆవర్తకాలము దీర్ఘమైనకొలది వెలుగధికమని స్థాపించెను. నాటినుండి సెఫీడులు బ్రహ్మాండమునకు కొలబద్దలైనవి. అయితే కాలమొక్కటియే చాలదు. సమానకాలము గల రెండింటిలో నీలిమ హెచ్చుగా గలది కొంత అధికముగ వెలుగును. మఱియు అంతరిక్షధూళి కాంతిని తగ్గించుటయే గాక ఎఱ్ఱబరచును. రంగు చూడనివాడు ధూళిని దూరమని భ్రమించును.

నేటి వివాదమును గమనింపుడు. విశ్వవిస్తరణవేగము, 32 లక్షల 60 వేల కాంతివత్సరముల దూరమునకు, సెఫీడుల మెట్లపై లెక్కించినచో సెకనుకు సుమారు 73 కిలోమీటర్లు. ఆదికాలపు వికిరణమునుండి లెక్కించినచో సుమారు 67. ఈ భేదము కొలతలోని దోషమా, ప్రకృతిలోని క్రొత్త సత్యమా యని తేల్చుటకు సెఫీడుల రంగును సరిగా సవరించుట అత్యావశ్యకము.

గుడ్రిక్‌నకు కన్నులును ఓర్పును తప్ప గొప్ప సాధనములు లేవు. మన వకీళ్లును వైద్యులును కార్తీకమాసపు సాయంకాలములందు ఉత్తరదిశకు చూచి, డెల్టాను పొరుగుననున్న జీటా, ఎప్సిలాన్‌లతో వారము దినములు పోల్చి చూతురుగాక. విశ్వమును కొలుచు బద్ద మేడమీదనుండియే కానవచ్చునని మేము మనవిచేయుచున్నాము.