మన ఆఫీసు కంప్యూటర్ ఎందుకు ఆగిపోయేది?

అనకాపల్లిలోని మన సొసైటీ కార్యాలయంలో ఉన్నది అసెంబుల్డ్ కంప్యూటర్. క్యాబినెట్ ఒకరిస్తే, మానిటర్ మరొకరిచ్చారు. మిగతావి కొని మన కుర్రాళ్లే బిగించారు. తర్వాత ఇంకో దాత రెండో ర్యామ్ కొనిచ్చారు. స్కాలర్‌షిప్ దరఖాస్తులు, వితంతువులకు నెలనెలా ఇచ్చే సాయం జాబితా, వారి బ్యాంకు ఖాతా నంబర్లు అన్నీ అందులోనే ఉన్నాయి.

గత వేసవిలో అది రోజుకు మూడు నాలుగుసార్లు ఆగిపోవడం మొదలైంది. చూసినవారంతా వైరస్ అన్నారు. రిపేరు షాపులో రెండుసార్లు ఫార్మాట్ చేసి, రెండుసార్లూ డబ్బు తీసుకున్నారు. మూడో రోజుకు మళ్లీ అదే కథ. ఇక మదర్‌బోర్డు మార్చాలన్నారు. ఇలాంటి ఖర్చుకు జకాత్ పద్దును ముట్టుకోలేం, సాధారణ విరాళాల పద్దులో అంత డబ్బు లేదు. అందుకే మేమే కూర్చుని చూశాం. ఇంట్లో ఇలాంటి కంప్యూటర్ ఉన్నవారికి పనికొస్తుందని రాస్తున్నాం.

ముందుగా ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం. తర్వాత పక్కన ఒక నోటుపుస్తకం పెట్టి, ఆగిపోయిన ప్రతిసారీ టైము, అప్పుడు చేస్తున్న పని, తెరమీద కనిపించింది రాశాం. విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ కూడా చూశాం. అందులో కర్నెల్-పవర్ 41 అని ఉంటే చాలామంది కరెంటు సమస్య అనుకుంటారు. నిజానికి అది మిషను సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే చెబుతుంది, కారణం చెప్పదు.

వారం తిరిగేసరికి నోటుపుస్తకమే దారి చూపింది. మధ్యాహ్నం జొహర్ తర్వాత మిషను ఏ హెచ్చరికా లేకుండా టప్పున ఆరిపోతోంది. ఉదయం చల్లని పూట మాత్రం నీలం తెర వస్తోంది, అదీ ప్రతిసారీ వేరే మాటతో. అంటే ఒకే ఒంట్లో రెండు జబ్బులు!

మొదటిది వేడి. చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గరకు వస్తే వేగం తగ్గించుకుంటాయి, ఇంకా పెరిగితే కాలిపోకుండా ఆగిపోతాయి. మాది రేకుల గది. ఫ్యాన్ కింద దుమ్ము దూదిలా పేరుకుంది, థర్మల్ పేస్టు ఎండి పెచ్చులు కట్టింది. శుభ్రం చేసి కొత్త పేస్టు రాస్తే మధ్యాహ్నం ఆరిపోవడం ఆగింది. ఎస్‌ఎంపీఎస్‌ను కూడా అనుమానించాం. దాని 12 వోల్టుల తీగ 11.4 నుంచి 12.6 మధ్య చూపాలి. మీటరు పెడితే సరిగానే ఉంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎవరూ విప్పవద్దు, ప్లగ్గు తీసినా లోపల కరెంటు నిలిచి ఉంటుంది.

నీలం తెరలు మాత్రం పోలేదు. ప్రతిసారీ కొత్త మాట వస్తుంటే ముందు ర్యామ్‌ను చూడాలి. ర్యామ్ పాడవడం అరుదనుకుంటాం గానీ, గూగుల్ సర్వర్లపై 2009లో వెలువడిన అధ్యయనంలో ఏడాదికి 8 శాతానికి పైగా ర్యామ్‌లలో తప్పులు కనిపించాయి. మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, రాత్రికి ఒక ర్యామ్ చొప్పున పరీక్షించాం. పాతది ఏ స్లాట్‌లో పెట్టినా తప్పు చూపలేదు. రెండోది ఏ స్లాట్‌లో పెట్టినా గంటలోపే తప్పులు. బయోస్‌లో దాని వేగం తగ్గించి చూసినా అంతే. రెండింటినీ కలిపి పరీక్షిస్తే ఈ సంగతి తేలేది కాదు. వారంటీ ఉంది కాబట్టి దాన్ని మార్చి ఇచ్చారు. మదర్‌బోర్డు పాతదే నడుస్తోంది.

అసలు భయం ఆ తర్వాతే పట్టుకుంది. చెడిన ర్యామ్ మిషన్ను ఆపడమే కాదు, సేవ్ చేసే ఫైలునూ చడీచప్పుడు లేకుండా మార్చేయగలదు. కంప్యూటర్ లోపల 1 అంకె 00110001, 3 అంకె 00110011. మధ్యలో ఒక్క బిట్టే తేడా. ఆ బిట్టు తిరగబడితే ఒక సోదరి ఖాతా నంబరు మరొకరిది అయిపోవచ్చు.

అందుకే ఆ మూడు నెలల్లో సేవ్ చేసిన ప్రతి జాబితానూ కాగితం దరఖాస్తులతో పోల్చాం. ఒకరు చదువుతుంటే ఒకరు టిక్కు పెడుతూ నాలుగు సాయంత్రాలు పట్టింది. రెండు ఫైళ్లు తెరుచుకోనే లేదు, మళ్లీ టైపు చేశాం. ఒక ఖాతా నంబరులో ఒక అంకె తేడా కనిపించింది. ర్యామ్ చేసిందో, టైపు చేసిన మా చెయ్యి చేసిందో చెప్పలేం. ఆమెకు పంపిన సొమ్ము బ్యాంకు నుంచి తిరిగొచ్చిందని, ఎందుకో అర్థం కాక పక్కన పెట్టానని కోశాధికారి భాయ్ అప్పుడు చెప్పారు. మర్నాడే ఆమెకు రెండు నెలల సాయం కలిపి పంపించాం.