నాలుగు మూలలా నలుగురు

1907లో ఫ్రాన్స్‌లో బ్రెగే సోదరులు ప్రొఫెసర్ రిషేతో కలిసి, నాలుగు మూలలా తిరుగుడు రెక్కలున్న యంత్రం ఒకటి కట్టారు. మనిషిని ఎక్కించుకుని అది లేచింది సుమారు రెండడుగులు. దాన్ని ఎగరడం అనడానికి కాస్త మొహమాటపడాలి, ఎందుకంటే ఒరిగిపోకుండా నాలుగు మూలలా నలుగురు పట్టుకునే ఉన్నారు. ఆ నలుగురి పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారన్నదే కెమెరా డ్రోన్ కథ.

లేవడానికి కావలసింది మోటారు. కోయంబత్తూరు పీలమేడు తెలుగువాళ్లకు ఆ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు దేశంలో తొలి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేసింది ఆ ఊళ్లోనే. బావి మీది త్రీఫేజ్ మోటారుకూ డ్రోన్ చేతి చివరి బుల్లి మోటారుకూ దగ్గరి చుట్టరికం. రెండింటిలోనూ తీగచుట్టల్లో అయస్కాంత క్షేత్రం గిర్రున తిరుగుతుంది, దాని వెంటే రోటరు తిరుగుతుంది. కాకపోతే డ్రోన్ రోటరుకు శాశ్వత అయస్కాంతాలు అతికిస్తారు. బ్యాటరీ డీసీని మూడు ఫేజులుగా మార్చే సర్క్యూటు లోపలే ఉంటుంది.

ఆ నలుగురి పనికి మాత్రం సెల్‌ఫోన్ల కాలం దాకా ఆగాల్సివచ్చింది. ఫోన్ల పుణ్యమా అని చవకైన గైరోస్కోప్ చిప్ లోపల, కంటికి ఆనని తునక ఒకటి కంపిస్తూ ఉంటుంది. డ్రోన్ ఏ కాస్త తిరిగినా ఆ కంపనం దారి తప్పుతుంది. అది చూసి కంప్యూటరు సెకనుకు వందలసార్లు నాలుగు మోటార్ల వేగాన్నీ సవరిస్తుంది. 2010లో పారట్ కంపెనీ ఏఆర్ డ్రోన్, 2013లో డీజేఐ ఫాంటమ్ వచ్చాయి. ఇక ఎవరైనా ఎగరేయొచ్చు అనిపించింది.

ఎవరైనా, కానీ ఎక్కడైనా కాదు. పీలమేడు విమానాశ్రయం పక్కనే ఉంది. 2021 డ్రోన్ నియమాల ప్రకారం విమానాశ్రయం హద్దుకు 8 కిలోమీటర్ల లోపు అనుమతి లేనిదే ఎగరేయకూడదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులు, ఆ అవతల 400 అడుగులే హద్దు. మోటారు పుట్టిన పేట కుర్రాడు డ్రోన్ ఎగరేయాలంటే సంచి సర్దుకుని ఊరి బయటికి పోవాల్సిందే. అక్కడా "ఏమప్పా, మా మిద్దె ఫోటో తీస్తా ఉండావా?" అని అడిగేవాళ్లుంటారు. అడగడంలో తప్పేముంది?

మొదటిరోజు ఆశ్చర్యం, రిమోట్ స్టిక్కులు వదిలేసినా డ్రోన్ గాల్లో కదలకుండా నిలబడటం. రెండో ఆశ్చర్యం, దాని ముక్కు మనవైపు తిరగ్గానే కుడిఎడమలు తారుమారు కావడం. చెట్లకు చిక్కేవి ఎక్కువగా అప్పుడే.

మదురైలో తిరుమల నాయకుడు తవ్వించిన తెప్పకుళం మీద, అనుమతి తెచ్చుకుని ఎగరేసినా, ఇంకో చిక్కుంది. తక్కువ ఎత్తులో డ్రోన్ తన కింది కెమెరాతో నేల మీది గుర్తులు చూసుకుంటూ నిలబడుతుంది. మెట్ల మీద బాగానే ఉంటుంది. నీటి మీదికి రాగానే కదిలే అలలను చూసి తానే కదిలాననుకుని, సర్దుకోబోయి నడి మండపం వైపు జారవచ్చు. నీళ్ల మీద ఎత్తు పెంచి, జీపీఎస్‌ను నమ్ముకోవడం మేలు.

కోయంబత్తూరులో చిక్కు గాలితో. పాలక్కాడ్ కనుమ గుండా వచ్చే పడమటి గాలి ఆడి నెలలో ఎంత గట్టిదో చెప్పడానికి, సన్నెకల్లు కూడా ఎగురుతుందని తమిళనాట సామెత ఉంది. స్టిక్కులు వదిలినా నిలబడిన డ్రోన్ నిజానికి గాలికి ఎదురు వాలి పెనుగులాడుతుంటుంది. అది తెరమీద తెలియదు. కెమెరాను పట్టుకున్న గింబల్, డ్రోన్ ఎంత వాలినా బొమ్మను నిటారుగానే చూపిస్తుంది. బొమ్మ అందం చూసి మురిసిపోతూ గాలివాటున తూర్పుకు దూరంగా పంపినవాడికి, తిరిగి వచ్చేటప్పుడు బ్యాటరీ శాతం చకచకా పడిపోతుంటే అర్థమవుతుంది. అప్పుడు చేయగలిగింది ఎత్తు తగ్గించడం, కింద గాలి జోరు తక్కువ కాబట్టి. అసలు ముందే పడమరకు పంపి ఉంటే, వచ్చేటప్పుడు ఆ గాలే తోసుకొచ్చేది.