కేసెట్‌కు కావాలి కాస్త శుభ్రత

హైదరాబాద్: పాత కారులోనో జీపులోనో కేసెట్ ప్లేయర్, రేడియో ఇంకా పలుకుతుంటే ఈ జాగ్రత్తలు తీసుకోవడం మేలు.

టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు జరుగుతుంది. దాని పొడి, రోడ్డు దుమ్ము హెడ్‌కు పడితే మాట బొంగురుపోతుంది. రోలరుకు అంటితే టేపు చుట్టుకుంటుంది. సెట్టు ఆపి, హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతోను, రబ్బరు రోలరును పిండిన తడిగుడ్డతోను తుడవాలి. ఆరాకే కేసెట్ పెట్టాలి.

90 నిమిషాల కేసెట్‌లో టేపు పలచన. పాత సెట్టుకు 60 నిమిషాలదే క్షేమం. ఎండలో నిలిపిన కారులో కేసెట్ వదిలితే వంకరపోతుంది. దిగేటప్పుడు బయటికి తీయాలి.

నగరానికి వచ్చినప్పుడు పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద, అమీర్‌పేట మెట్రో వంతెన కింద మీడియం వేవ్ గరగరలాడితే సెట్టు చెడిందని విప్పించవద్దు. అది కాంక్రీటు, కరెంటు తీగల ప్రభావం. వంతెన దాటాక సర్దుకుంటుంది. ఎఫ్.ఎం.లో 101.9పై రెయిన్‌బో, 102.8పై వివిధభారతి వినవచ్చు. ఊళ్లోనూ గరగర పోకపోతే ఏరియల్ తీగ వదులైందేమో చూడాలి. ట్యూనింగ్ మాత్రం బండి ఆపాకే.

పోయిన పెద్దల గొంతు ఉన్న కేసెట్‌ను కారులో వాడనేవద్దు. నకలు తీయించి, దాన్నే వినాలి. సినిమా పాట తెగితే మళ్లీ దొరుకుతుంది. నాయన మాట దొరకదు.