పంచని ఇల్లు, పలుచబడుతున్న మొహల్లా

వరంగల్ మండిబజార్ పరిసరాల్లోనో, ఉర్సు కరీమాబాద్‌లోనో ఇరుకు గల్లీలలో నడిచి చూడండి. ఇటువంటి ఇల్లు ఒకటి తప్పక ఎదురవుతుంది. ముందు గదిలో పెద్ద కుమారుని కుటుంబం, వెనుక వసారాలో వృద్ధురాలైన తల్లి. చిన్న కుమారుడు ఊరి చివర అద్దె ఇంటికి తరలిపోయాడు. అత్తవారింట ఉన్న కుమార్తె వాటా ప్రస్తావన ఎవరి నోటా రాదు. తండ్రి మరణించి ఏళ్లు గడిచినా ఇల్లు ఇంకా ఆయన పేరు మీదే ఉంది.

1934లో స్థాపితమైన ఆజంజాహీ మిల్లు ఒకప్పుడు ఈ నగరానికి జీవనాడి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పెద్ద కుమారుడు ఆజం జా పేరిట వెలసిన ఆ మిల్లు వేలాది కుటుంబాలకు కూడు పెట్టింది. అది మూతబడ్డాక స్థిరమైన జీతం పోయింది. మిల్స్ కాలనీ అనే పేరు మాత్రం మిగిలింది. మగ్గాన్ని నమ్ముకున్నవారిలో ఎందరో సూరత్, భివండీలకు వలస వెళ్లారు. మరికొందరు హైదరాబాదుకు, గల్ఫ్‌కు దారి పట్టారు.

మన కుటుంబాల స్వరూపమూ మారింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం దేశంలో ముస్లిం మహిళల సగటు సంతాన సంఖ్య 1992-93లో 4.4 ఉండగా, 2019-21 నాటికి 2.4కు దిగింది. పిల్లలు తగ్గారు, కాని పొయ్యిలు పెరిగాయి. ఒకే కప్పు కింద పదిమంది బ్రతికిన చోట నేడు ముగ్గురికి మూడు ఇళ్లు కావాలి. స్థలం ధర అందదు, బ్యాంకు రుణమంటే వడ్డీ. ఫలితంగా యువ దంపతులు మొహల్లా వీడుతున్నారు. వృద్ధులు ఒంటరిగా మిగులుతున్నారు.

2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకం పేదలకు నాలుగు దశల్లో 5 లక్షల రూపాయలు అందిస్తోంది. తొలి విడతలో సొంత స్థలం ఉన్నవారికే ప్రాధాన్యం. ఇక్కడే మన నిర్లక్ష్యం మనకు అడ్డు నిలుస్తుంది. వాటాలు తేలని ఇంట్లో, ‘ఈ స్థలం నాది’ అని కాగితం చూపగలవారెవరు?

వారసత్వ వాటాలను మనుషుల ఇష్టానికి వదలక, దివ్య ఖుర్ఆన్‌లోని అన్‌నిసా సూరా స్వయంగా నిర్ణయించింది. మృతుని అప్పులు, ధర్మబద్ధమైన వీలునామా తీరాక మిగిలినది పంచవలసిందే. ఉదాహరణకు 200 గజాల స్థలం విడిచి, భార్యను, ఇద్దరు కుమారులను, ఒక కుమార్తెను వదిలి ఒకరు మరణించారనుకుందాం. భార్యకు ఎనిమిదవ వంతు, అంటే 25 గజాలు. కుమారులకు తలా 70, కుమార్తెకు 35 గజాలు. లెక్క ఇంత సులువు. కష్టమైనది మనసొప్పడమే.

“చెల్లి అడగలేదు కదా!” అంటారు కొందరు. అడగకపోవడం వదులుకోవడం కాదు. పుట్టింటి గడప మూసుకుపోతుందనే భయంతో వహించిన మౌనం అంగీకారమెలా అవుతుంది? జానెడు నేల అన్యాయంగా ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల భారం తగిలించబడుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. స్థలం చిన్నదై విభజన సాధ్యం కాకపోతే, ఆమె మనస్ఫూర్తిగా సమ్మతించిన పైకం చెల్లించి వాటా తీసుకోవచ్చు. అమ్మదలచినవారు మొదట తోటి వాటాదారునికే చెప్పాలన్నది షుఫా ధర్మం. దీనిని పాటిస్తే తాతల నాటి నేల అయినవారి చేతుల్లోనే నిలుస్తుంది.

తండ్రి బ్రతికుండగా నోటిమాటతో చేసిన హిబా, స్వాధీనం కూడా అప్పగిస్తే, ముస్లిం ధర్మశాస్త్రం ప్రకారం చెల్లుతుంది. అయినా సాక్షులు గతించాక ఆ మాటకు ఆధారమేదీ మిగలదు. కనుక దానిని రాతలో పెట్టి రిజిస్టర్ చేయించడమే క్షేమం. పంపకం జరిగిన ఇంటివారు పన్నుల రికార్డులోనూ పేర్లు మార్పించుకోవాలి. మస్జిద్ కమిటీలు ఒక న్యాయవాదిని, ఒక ఆలిమ్‌ను నెలకొకసారి కూర్చోబెడితే ఎన్నో చిక్కులు విడిపోతాయి.

హిజ్రత్ చేసి మదీనా చేరిన దైవప్రవక్త (స) అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట బస చేశారు. మస్జిద్ కోసం ఎంచుకున్న నేల సహల్, సుహైల్ అనే ఇద్దరు అనాథ బాలురది. వారు ఉచితంగా ఇస్తామన్నా ఆయన ఊరక స్వీకరించలేదు, వెల చెల్లించారు. అల్లాహ్ గృహానికే ఇతరుల హక్కు కలిసిన నేల తగదనుకున్నప్పుడు, మన ఇంటి పునాదిలో సోదరి హక్కు కలిసి ఉండటం ఎలా తగుతుంది? ఈ శుక్రవారం నమాజు తర్వాత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒక్కచోట కూర్చోండి. అమ్మ బ్రతికుండగానే ఆ కాగితం పూర్తి చేయండి.