గుండు ఎక్కడ ఆగింది?

మగ అడవిపంది భుజం దగ్గర తోలు ఒలిస్తే కింద తెల్లటి గట్టి పొర ఒకటి బయటపడుతుంది. మెడ పక్క నుంచి పక్కటెముకల దాకా ఉంటుంది. మగపందులు కోరలతో పొడుచుకునేటప్పుడు ప్రాణం కాచేది అదే. కొత్త బ్లేడు వేసిన కత్తి కూడా దానిమీద ఒక్క పట్టున దిగదు. పశువైద్యుడిగా ఆసిఫాబాద్, జగిత్యాల వైపు పనిచేసిన రోజుల్లో చచ్చిన పందికి పంచనామా అని పిలిస్తే నేను ముందుగా చూసింది ఆ పొరనే. అందులో పాత సీసం రవ్వలు చిక్కుకుని, చుట్టూ చీము గూడు కట్టిన పందులు ఉండేవి. వాటిని కాల్చినవాడు గురి తప్పిందనుకుని ఇంటికి పోయి ఉంటాడు. పంది ఆ సీసాన్ని మోస్తూ నెలల తరబడి తిరిగింది.

మక్క చేను పాలు పోసుకునే వేళకు పందుల మంద దిగితే తెల్లారేసరికి రైతుకు మిగిలేది చొప్పే. ఆ కడుపుమంటతో కొందరు చేను చుట్టూ కరెంటు తీగ పెడతారు. ఆ తీగకు మనుషులు పోయారు, పులులు పోయాయి. అంతకంటే అనుమతి తీసుకుని తుపాకితో కాల్చడం నయమని నేను నమ్ముతాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు మన దగ్గర సరదా వేటకు చోటు లేదు. పంటను పాడుచేసే జంతువునైనా 11వ సెక్షన్ కింద రాతపూర్వక అనుమతి ఉంటేనే ముట్టుకోవాలి. తెలంగాణలో అడవిపందుల వరకు ఆ అధికారం సర్పంచులకూ ఇచ్చారు. కాల్చేది మాత్రం ఎంపికైన లైసెన్సు షూటరే కావాలి.

అయితే ఏ తుపాకి, ఏ గుండు? ఊళ్లలో ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. నాకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

లైసెన్సు లేని భర్మార్ తుపాకి సంగతి వదిలేద్దాం. చట్టప్రకారం ఉండేవాటిలో ఎక్కువగా కనిపించేవి పన్నెండు బోరు, త్రీ ఫిఫ్టీన్ రైఫిలు. పన్నెండు బోరులో పెద్ద రవ్వల కార్తూసు వేసినా ముప్పై గజాలు దాటితే రవ్వలు చెదిరిపోతాయి, బలం తగ్గుతుంది. భుజం పొరలో ఇరుక్కునేవి అవే. పందికి రైఫిలే సరి.

త్రీ ఫిఫ్టీన్ కార్తూసును ఒకసారి అరచేతిలో పెట్టుకుని చూడండి. ఇత్తడి గొట్టం, అడుగున అంచు, ఆ అడుగు మధ్యలో చిన్న బిళ్ల. పిన్ను కొట్టేది ఆ బిళ్లమీదే. గొట్టం లోపల మందు, పైన మొద్దు ముక్కు గుండు. గుండుకు లోహపు తొడుగు ఉంటుంది కానీ కొస దగ్గర అది ఆగిపోయి బూడిదరంగు సీసం బయటికి కనిపిస్తుంది. గోటితో గీస్తే గీత పడుతుంది. ఆ మెత్తటి కొస ఒంట్లో దిగగానే మొగ్గ విచ్చినట్టు వెనక్కి విచ్చుకుంటుంది. ఎనిమిది మిల్లీమీటర్ల గుండు లోపల అంతకు రెట్టింపు వెడల్పున ఊపిరితిత్తులను చీల్చుకుంటూ పోతుంది. పంది నాలుగు అంగల్లో కూలబడుతుంది.

కొస దాకా తొడుగు మూసిన గుండు అలా చేయదు. సన్నటి బెజ్జం చేసి అవతలికి దూసుకుపోతుంది. "గుండైతే తాకింది డాక్టర్ సాబ్, అయినా ఉరికింది" అని ఒక షూటరు నాతో అన్నాడు. మర్నాడు వాగు ఒడ్డున పొదలో దొరికిన ఆ పందిని కోసి చూశాను. గుండు పేగుల్లోంచి పోయింది. అది రాత్రంతా బతికే ఉంది.

మెత్తటి కొస గుండు చరిత్రలో మన దేశానికీ భాగముంది. కలకత్తా దగ్గరి దమ్‌దమ్ ఆయుధ కర్మాగారంలో 1890లలో బ్రిటిష్ సైన్యం కోసం ఇలాంటి గుళ్లు చేశారు. మనిషి ఒంట్లో అవి చేసే గాయం చూసి లోకం భయపడింది. 1899లో హేగ్‌లో యుద్ధాల్లో వాటిని వాడకూడదని ఒప్పందం జరిగింది. యుద్ధంలో నిషేధించిన ఆ గుణమే, చంపక తప్పని జంతువుకు త్వరగా చావునిస్తుంది.

ఇక బలం మాట. త్రీ ఫిఫ్టీన్ గుండు 244 గ్రెయిన్లు, అంటే దాదాపు 16 గ్రాములు. సెకనుకు 600 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. థర్టీ నాట్ సిక్స్ రైఫిలులో 180 గ్రెయిన్ల గుండు వేగం సెకనుకు 800 మీటర్లు దాటుతుంది. నూరు కిలోల పందికి ఈ రెంటిలో ఏదైనా చాలు. ఇంతకంటే పెద్ద బోరు కావాలనేవాళ్లతో నేను ఏకీభవించను. స్వీడన్‌లో మూస్ అనే దుప్పిజాతి జంతువును వేటాడతారు. మన కణితికన్నా ఎంతో పెద్దది, మగది ఐదు వందల కిలోలు తూగుతుంది. దానికి అక్కడి చట్టం అడిగేది, పది గ్రాములకు తగ్గని గుండయితే నూరు మీటర్ల దగ్గర 2,000 జౌళ్ల శక్తి. ఆరున్నర మిల్లీమీటర్ల సన్న గుండుతోనే స్వీడన్‌వాళ్లు తరతరాలుగా మూస్‌ను పడగొడుతున్నారు. మా మేనల్లుడు ఉండే ఫిన్లాండులోనైతే ముందు పరీక్ష నెగ్గాలి. 75 మీటర్ల దూరాన 23 సెంటీమీటర్ల వలయంలో నాలుగు గుళ్లూ పడాలి. మూస్ గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు కొలతగా పెట్టిన వలయమది. పందిలో ఆ చోటు ఇంకా చిన్నది, ఇంకా కిందికి ఉంటుంది. ముందుకాలి వెనక, ఒంటి ఎత్తులో కింది మూడోవంతులో. పైకి గురిపెడితే గుండు వెన్ను మీది కొవ్వులోంచి పోతుంది.

మంచె మీది నుంచి కాల్చడం మన దగ్గర ఉన్న మంచి అలవాటు. గుండు ఏటవాలుగా కిందికి దిగి, పందిని దాటినా నేలలో పూడుకుపోతుంది. సమతలంగా కాలిస్తే రైఫిలు గుండు కిలోమీటర్లు పోగలదు. కరీంనగర్ వైపు చేను దాటితే ఊరే.

సీసం గురించి కూడా చెప్పాలి. మెత్తటి సీసం లోపల తునకలై, కంటికి కనబడని పొడిగా కండలో చేరుతుంది. అనుమతితో చంపిన పందిని పాతిపెడతారు కాబట్టి సరే. గాయపడి అడవిలోకి పోయి చచ్చినదాన్ని ఎవరు పాతిపెడతారు? పెంచికల్‌పేట వైపు పాలరాపు గుట్టమీద పొడుగుముక్కు రాబందులు ఉన్నట్టు 2013లో బయటపడింది. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు దేశంలో రాబందుల జాతినే తుడిచిపెట్టబోతే 2006లో దాన్ని ఆపారు. ఇప్పుడు వాటి ముందు సీసం కళేబరాలు పడేయడం నాకు మింగుడుపడదు. అమెరికాలో కాండర్ రాబందులు ఇలాగే సీసం తిని చచ్చిపోతుంటే, కాలిఫోర్నియా 2019 నుంచి వేటలో సీసం గుళ్లనే మానిపించింది. పూర్తిగా రాగితో చేసే గుండు కూడా అలాగే విచ్చుకుంటుంది, తునకలు మాత్రం కాదు. మన ఎంపికైన షూటర్లకు అలాంటివి తెప్పించి ఇవ్వాలని నా కోరిక. అప్పటిదాకా పంచనామాలో నాలుగు గడులు అదనంగా పెట్టండి: ఏ బోరు, ఏ రకం గుండు, ఎంత దూరం నుంచి, గుండు ఎక్కడ ఆగింది. కోసి చూసి ఆ చివరి గడి నింపే పని పశువైద్యుడిది.