లౌకిక సంస్థలలో క్రైస్తవ చాప్లెయిన్: నియామకానికి ప్రాతిపదిక

ఉపోద్ఘాతం

సైన్యం, కారాగారం, ఆసుపత్రి వంటి సంస్థలలో ఆధ్యాత్మిక సేవకు నియమితుడైన క్రైస్తవ గురువును చాప్లెయిన్ అంటారు. ఏ మతాన్నీ తనదిగా స్వీకరించని రాజ్యం ప్రజాధనంతో మతగురువును నియమించడం లౌకికతత్త్వానికి విరుద్ధం కాదా? నాలుగు దేశాల అనుభవం ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

నిర్బంధం – రాజ్యబాధ్యత

ఫ్రాన్స్‌లో 1905 నాటి చట్టం చర్చిని రాజ్యం నుండి వేరు చేసింది. దాని రెండవ అధికరణం ప్రకారం రిపబ్లిక్ ఏ మతాన్నీ గుర్తించదు. ఏ మతానికీ జీతభత్యాలు గాని ఆర్థిక సహాయం గాని ఇవ్వదు. అయినా పాఠశాలలు, శరణాలయాలు, కారాగారాల వంటి ప్రభుత్వ సంస్థలలో చాప్లెయిన్ సేవల వ్యయాన్ని అదే అధికరణం అనుమతించింది. మతాచరణ స్వేచ్ఛను కాపాడటమే ఆ మినహాయింపునకు కారణం.

అమెరికాలో ఇద్దరు న్యాయశాస్త్ర విద్యార్థులు సైనిక చాప్లెయిన్ వ్యవస్థను 1979లో న్యాయస్థానంలో సవాలు చేశారు. 'కాట్‌కాఫ్ వర్సెస్ మార్ష్' అనే ఆ కేసులో 1985లో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం కొన్ని అంశాలను పునర్విచారణకు పంపుతూ, ఆ వ్యవస్థను ప్రధానంగా సమర్థించింది. సైనికుణ్ణి అతని ప్రార్థనామందిరానికి దూరంగా పంపేది ప్రభుత్వమే కనుక, ఆరాధనకు అవకాశం కల్పించకపోతే అతని స్వేచ్ఛకు భంగం కలుగుతుందన్నది ఆ తీర్పులోని ముఖ్య వాదం.

బడిలో చాప్లెయిన్

ఈ వాదం అన్ని సంస్థలకూ సమానంగా వర్తించదు. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2007 నుండి పాఠశాల చాప్లెయిన్లకు నిధులు సమకూర్చింది. ఇంటి నుండి బడికి వచ్చి, సాయంత్రం తిరిగి వెళ్లే విద్యార్థి విషయంలో నిర్బంధమనే ఆధారం బలహీనం. మతప్రచారాన్ని నిషేధించి, విద్యార్థి సంక్షేమాన్ని బాధ్యతగా నిర్దేశించినందువల్ల, ఆ పనికి మతగురువే ఎందుకన్న ప్రశ్న మిగిలింది. 2012లో విలియమ్స్ కేసులో అక్కడి హైకోర్టు ఆ నిధుల ఏర్పాటు చెల్లదని తీర్పునిచ్చింది. అయితే అందుకు కారణం మతస్వేచ్ఛా నిబంధన కాదు, కేంద్ర కార్యనిర్వాహక అధికారానికి ఉన్న పరిమితి. అందువల్ల మౌలిక ప్రశ్న న్యాయపరంగా తేలలేదు.

ఎవరి అవసరం?

ఇంగ్లండు, వేల్సులకు వర్తించే 1952 కారాగార చట్టం ప్రతి కారాగారంలో ఇంగ్లండు చర్చికి చెందిన చాప్లెయిన్ ఉండాలని నిర్దేశించింది. ఆచరణలో నేడు అక్కడ వివిధ మతాల గురువులు ఒకే బృందంగా పనిచేస్తున్నారు. చట్టం చర్చి హోదాను చూస్తే, ఆచరణ ఖైదీల అవసరాన్ని చూస్తున్నది.

ముగింపు

చాప్లెయిన్ పదవికి న్యాయమైన ప్రాతిపదిక సంస్థలో ఉన్న వ్యక్తి స్వేచ్ఛ. చర్చి ప్రాబల్యం కాదు. గురువును కోరుకునే హక్కుతో పాటు, నిరాకరించే హక్కు కూడా ఆ స్వేచ్ఛలో భాగమే. మంచంపై ఉన్న రోగి, గదిలో ఉన్న ఖైదీ లేచి వెళ్లిపోలేరు. కాబట్టి అక్కడ వారి నిరాకరణను గౌరవించడం చాప్లెయిన్ వృత్తిధర్మంలో ప్రథమాంశం కావాలి.